దేవుడి గదిలో విండ్‌హోక్ ప్రయాణం

ఈ మధ్య మా వీధిలో ఒకమ్మాయికి సర్కారు ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చి, "తాతా, మీరు సర్వీసుల ఉన్నప్పుడు ఫారిన్ టూర్లు గిట్ల ఉంటుండెనా?" అని అడిగింది. ఉండేవి. నేను పోలేదు గానీ పంపాను. ముగ్గురు పెద్దమనుషులను ఆఫ్రికా ఖండం కింది కొసన ఉన్న ఒక రాజధానికి పంపడానికి ఒక ఎండాకాలమంతా తంటాలు పడ్డాను. ఆ ముగ్గురి ప్రయాణం ఛత్రినాకలో మా ఇంటి దేవుడి గది దాకా బ్రహ్మాండంగా సాగింది, అంతకు మించి సాగలేదు. ఆ అమ్మాయికి రెండు ముక్కల్లో చెబితే నవ్వి పోయింది. అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. కొత్తగా కుర్చీల్లో కూర్చుంటున్న పిల్లలు చదివితే మంచిది. పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళు చదివితే ఇంకా మంచిది గానీ వాళ్ళు చదవరని నాకు తెలుసు.

మాది నీళ్ళ ఆఫీసు. పాతబస్తీ వైపు నల్లాలకు నీళ్ళు వదలడం, మురుగు కాలువలు చూసుకోవడం మా పని. నేను పరిపాలన విభాగంలో సూపరింటెండెంటుగా చేశాను. సెలవైనా, బదిలీ అయినా, టూరైనా నా బల్ల మీదుగానే పోవాలి. మా తాత, మా నాయన గుడి అర్చకులు. నాకు మంత్రాల కంటే రూల్సు బాగా వంటపట్టాయి కాబట్టి ఆఫీసులో చేరాను. అయినా మా పెద్ద సారుకు నేను మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా 'పంతులు'నే.

పెద్ద సారంటే మా అందరి మీదా కూర్చున్న అధికారి. పెద్ద ఇంజనీరింగు చదువు చదివాడు. పంచాంగం చూడనిదే సంతకం పెట్టడు. రాహుకాలంలో వచ్చిన ఫైలు రాహుకాలం పోయేదాకా ఆయన బల్ల మీద బోర్లా పడి ఉండేది. ఊరికి నీళ్ళు వదిలే మనిషి ఇలా ఉంటే ఎలా అని మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది, నల్లా వాసన అలవాటైనట్టే.

ఈ కథలో అసలు మనిషి ఆయన కాదు. మా లాబ్‌లో పనిచేసే కెమిస్టు. జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొనుక్కుని రెండు గదులు వేసుకుని ఉండేది. భర్త రైల్వేలో గ్యాంగుమన్. ఆదివారం చర్చికి పోవడం, మిగతా రోజులు సీసాల్లో నీళ్ళు పరీక్ష చేయడం. ఏ బస్తీ నీళ్ళు ఎలా ఉన్నాయో చీటీ రాసి పైకి పంపేది. పైన దాన్ని ఎవరూ చూసేవారు కాదు, ఎందుకంటే చూస్తే నీళ్ళు ఆపాలి, ఆపితే ఫోన్లు వస్తాయి.

ఒక వానాకాలం వాళ్ళ కాలనీలోనే నల్లాలో మురుగు కలిసింది. ఆ నీళ్ళు బాగాలేవని ఆమె ముందే రాసి పంపింది. నీళ్ళు వదిలారు. పిల్లలు వాంతులతో ఆసుపత్రుల పాలయ్యారు. పక్కింటి పాప బతకలేదు. ఆ పాపను రోజూ ఎత్తుకు తిప్పింది ఈమే. తర్వాత చాలా రోజులు ఆమె ఆఫీసులో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పకుండానే ఫోనులో ఏవేవో చదువుతూ కూర్చునేది.

ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "అన్నా, విండ్‌హోక్ అని ఒక ఊరున్నది," అంది.

"ఏడ చెల్లె?"

"నమీబియా రాజధాని. ఆడ వానలు సక్కగ పడయి. అందుకని వాడేసిన నీళ్ళనే, మోరీల నీళ్ళనే, సాఫ్ జేసి మల్ల నల్లాలల్ల ఇడుస్తరు. ఇయ్యాల నిన్న కాదు, మస్తు ఏండ్ల సంది అయ్యే తాగుతున్నరు. వాళ్ళు మురికినీళ్ళను మంచిగ చేసి తాగుతున్నరు. మనం మంచినీళ్ళను ఖరాబు చేసి తాగిస్తున్నం. ఆ లాబ్‌ల ఏం చేస్తరో ఒక్కసారి కండ్లతోటి చూడాలె అన్నా."

శిక్షణ కోసం బయటి దేశాలకు పంపడానికి మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పదవీ విరమణకు దగ్గరపడ్డవాళ్ళను పంపకూడదని అందులోనే ఒక రూలు కూడా ఉంది. వచ్చే ఏడాదికి ఆమె ఆ రూలు కిందికి వస్తుంది. పోతే ఇప్పుడే పోవాలి, లేకపోతే ఇక ఎప్పటికీ లేదు. నేనే కూర్చుని నోటు రాశాను, ఆమె చెప్పిన ప్రతి ముక్కా పెట్టి, బాగా రాశాను కూడా.

అంత బాగా రాయకుండా ఉండాల్సింది. పైవాళ్ళకు నోరూరింది. ఫైలు కిందికి దిగి వచ్చేసరికి అందులో మొదటి పేరు పెద్ద సారుది, రెండోది లెక్కల విభాగం అధికారిది, మూడోది మా సలహా కమిటీలో ఉన్న ఒక మెంబరు గారిది. ఈ మెంబరు గారికి నీళ్ళతో ఉన్న సంబంధమల్లా తన వీధికి రెండు పూటలా వదిలించుకోవడం. అన్నిటికంటే కింద, 'లాబ్ నుంచి ఒకరు' అని ఉంది. పేరు రాయడానికి కూడా వాళ్ళకు చెయ్యి రాలేదు.

ప్రయాణం ఏర్పాట్ల మీద మీటింగు పెట్టారు. నన్ను, లాబ్ మేడంను పిలిచారు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి.

"విండ్‌హోక్ అంటే ఏందో జంగల్ అనుకున్న," అన్నారు మెంబరు గారు. "ఫోన్ల చూస్తె మస్తుగున్నది. జీబ్రాలు, ఏనుగులు అన్ని ఉన్నయట గదా?"

"ఊళ్ళో ఉండవండి, పార్కులో ఉంటాయి," అన్నాను.

"అయితే పార్కుకు రెండు రోజులు పెట్టు పంతులూ," అన్నాడు పెద్ద సారు. "ఆ ఎర్ర ఇసుక దిబ్బలకు ఒక రోజు. సముద్రం కాడికి ఒక రోజు."

లెక్కల సారు బాధ వేరు. "అన్నం దొరుకుతదా ఆడ? పెరుగన్నం లేకుంటే నాకు కడుపు ఖరాబైతది."

"సార్, మరి ప్లాంటు?" అంది లాబ్ మేడం బల్ల చివరి నుంచి.

"ఒక పూట పెట్టినం గదమ్మా."

"ఒక్క పూట సాలదు సార్. వాళ్ళు శాంపిల్ తీసుడు కాడి నుంచి చూడాలె. అది పొద్దంత నడుస్తది."

పెద్ద సారు నవ్వాడు. "నీళ్ళు సాఫ్ చేసుడుల చూసేదేముంటది? ఒక పైపుల పోతయి, ఒక పైపుల వస్తయి." ఈ మాట అన్నది ఇంజనీరింగు పట్టా గోడకు తగిలించుకున్న మనిషి. ఆ పట్టా ఆయన తల వెనకాలే వేలాడుతోంది.

తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. ఆ ఊళ్ళో నీళ్ళు ఎలా తాగడం? మోరీ నీళ్ళని ఆమె చెప్పేసింది కదా. ముగ్గురూ మొహాలు చిట్లించారు. చివరికి ఇక్కడి నుంచే సీలు వేసిన నీళ్ళ సీసాలు డబ్బాలకు డబ్బాలు తీసుకుపోవాలని తీర్మానం చేశారు. నీళ్ళ శుద్ధి ఎలా చేస్తారో చూడటానికి పోతూ నీళ్ళు మోసుకుపోయే బృందాన్ని నేను అంతకుముందు చూడలేదు. మీటింగు మినిట్సులో ఆ తీర్మానం రాసింది కూడా నేనే. రాస్తుంటే పెన్ను సిగ్గుపడింది గానీ నేను పడలేదు, అప్పటికి సిగ్గు చచ్చిపోయింది.

టికెట్ల పని యాకుత్‌పురా స్టేషన్ దగ్గర దుకాణం ఉన్న ఒక భాయ్‌కి అప్పగించాను. మక్కాకు ఉమ్రా యాత్ర పోయేవాళ్ళకు, గల్ఫ్‌కు పోయేవాళ్ళకు ఆయనే చేసిపెట్టేవాడు. ముంబై, అక్కడి నుంచి అడిస్ అబాబా, అక్కడ రాత్రంతా ఆగి విండ్‌హోక్, అలా దారి కట్టాడు. కట్టి, ఒక మాట గట్టిగా చెప్పాడు.

"సాబ్, అడిస్ మీద నుంచి పోతున్నరు గదా, ఎల్లో ఫీవర్ టీకా హోనాచ్. సూది తీసుకున్న పది దినాలకు గాని కార్డు చెల్లదు. పహ్లే సూది, బాద్ మే బ్యాగు. ఆఖరి దాకా నక్కో రుకో."

ముందు సూది, తర్వాతే బ్యాగు, ఆఖరి దాకా ఆగొద్దు అన్న ఈ మాట నేను ఆఫీసులో నలుగురికీ చెప్పాను, కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. లాబ్ మేడం మరునాడే పోయి టీకా కేంద్రం ముందు వరుసలో నిలబడి వేయించుకుని వచ్చింది. చెయ్యి కొంచెం వాచిందని, అంతకు మించి ఏమీ లేదని చెప్పింది. మిగతా ముగ్గురూ 'చూద్దాం' అన్నారు.

వాళ్ళకు ఇంకో ఫికర్ పట్టుకుంది. టికెట్లు దొరికింది ఆషాఢంలో, గురువారం నాడు. గురువారం దక్షిణ దిక్కుకు వారశూల, ఆ దిక్కుకు ప్రయాణం చెయ్యొద్దంటారు. పెద్ద సారు కళ్ళు తేలేశాడు. ఒక రోజంతా ఆలోచించి నన్ను పిలిచాడు.

"పంతులూ, గురువారం ఉత్తరానికి పోవచ్చు గదా?"

"పోవచ్చు సార్."

"అయితే ఢిల్లీ పోదాం. ఆడ పండి శుక్రవారం ఆఫ్రికా పోదాం."

"శుక్రవారం పడమరకు శూల సార్. ఆఫ్రికా పడమరకు గూడ ఉంటది."

"ఏం దేశమయ్యా అది, ఒక్క దిక్కుకు ఉండొచ్చు గదా!" అన్నాడు ఆయన చిరాకుగా.

చివరికి ఆయన సిద్ధాంతి ఒక ఉపాయం చెప్పాడు. ప్రస్థానం పెట్టమన్నాడు. ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. ప్రయాణం చేయాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకు ముందున్న మంచి రోజు చూసి మన సామాను ఏదో ఒకటి ఇల్లు దాటించి వేరే వాళ్ళింట్లో పెడతారు. దాంతో మనం ఆ రోజే బయలుదేరినట్టు లెక్క. అసలు రోజున పోతూ పోతూ ఆ సామాను తీసుకుని పోవాలి. ఒకసారి పెట్టాక దాన్ని తిరిగి ఇంటికి తేకూడదు. దానికి గడువు ఉంటుంది, రాజుకు ఎక్కువ రోజులు, మామూలు మనిషికి తక్కువ. సారుది రాజుతో సమానమైన హోదా కాబట్టి ఎక్కువ రోజులే చెల్లుతుందని సిద్ధాంతి తేల్చేశాడు. ఆషాఢం మొదలుకాక ముందే ప్రస్థానం పెట్టించాడు.

ఎవరి ఇంట్లో? ఇంకెవరింట్లో, పంతులు ఇంట్లో. అర్చకుల ఇల్లు కదా, పైగా అడిగితే కాదనలేని కింది ఉద్యోగి ఇల్లు.

మూడు పెట్టెలు, వాటి వెంట నీళ్ళ సీసాల డబ్బాలు మా ఛత్రినాక గల్లీలోకి ఆఫీసు జీపులో వచ్చాయి. పెట్టెలను దేవుడి గదిలోనే పెట్టాలన్నారు. ఉన్నదే అరచేయంత చోటు, నాలుగు పటాలు, ఒక దీపం. అందులో మూడు పెట్టెలు దూరాక మా ఆవిడ గుమ్మం బయట నిలబడి దీపం పెట్టాల్సి వచ్చింది. లెక్కల సారు పెట్టెలో ఆవకాయ సీసా ఎక్కడో కారుతున్నట్టుంది, గది నిండా ఆవపిండి వాసన.

"వీళ్ళు పోయేది ఆఫ్రికాకా, మన దేవుని అర్రకా?" అంది మా ఆవిడ.

"సగం దూరం వచ్చేసినట్టే లెక్క," అన్నాను.

"అయితే మిగిలిన సగం గూడ గిట్లనే పొమ్మనుండ్రి. టికెట్లు మిగులుతయి."

టీకా సంగతి మళ్ళీ గుర్తు చేయడానికి పోయాను. ఇంకా గడువుంది, ఆ రోజో మరునాడో వేయించుకుంటే కార్డు చెల్లుతుంది. పెద్ద సారు తల అడ్డంగా ఊపాడు. ప్రస్థానం పెట్టిన మనిషి ప్రయాణంలో ఉన్నట్టేనట. ప్రయాణంలో ఒంటి మీద సూది గుచ్చి రక్తం కళ్ళజూడకూడదని సిద్ధాంతి చెప్పాడట. మా నాయన పంచాంగంలో గానీ, ఆయన నాయన పంచాంగంలో గానీ ఆ మాట లేదు. ఉన్నా టీకా సంగతి వాళ్ళకు తెలిసే అవకాశం లేదు.

"సార్, ఆ కార్డు లేకుంటే విమానం ఎక్కనియ్యరు," అన్నాను.

"మెంబరు సాబ్ సుట్టం ఒక డాక్టరున్నడు. పాత తేదీ ఏసి చీటీ రాసిస్తడు. నువ్వు ఫికర్ చెయ్యకు."

జ్వరానికి చీటీ చూపిస్తే సరిపోతుందని నమ్మే మనిషి చేతిలో మా ఊరి నీళ్ళున్నాయి. నల్లా నీళ్ళకు కూడా ఆయన ఇదే వైద్యం చేస్తున్నాడని నాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది.

ఇది చాలదన్నట్టు పెద్ద సారు ఇంకో మాట అన్నాడు. "ఆ లాబ్ అమ్మ పేరు తీసెయ్యరాదు? మెంబరు సాబ్ మేనల్లుడు వస్తనంటున్నడు. పిలగాడు ఫోటోలు మంచిగ తీస్తడు."

ఆ నిమిషం నేను చాలా నెమ్మదిగా, చాలా వినయంగా మాట్లాడాను. నాకు కోపం ఎక్కువైనప్పుడు వినయం పెరుగుతుంది. టికెట్ మీద పేరు మారదని, వీసా మళ్ళీ మొదటి నుంచి కావాలని, అప్పటికి టూరు తేదీలే దాటిపోతాయని చెప్పాను. నిజానికి అదంతా నిజమే. ఆయన విసుగ్గా చెయ్యి ఊపాడు. "సరే రానీ తీయ్. రిపోర్టు రాసేటందుకు ఎవలో ఒకలు గావాలె గదా."

ఆ గురువారం వచ్చింది. బోనాల రోజులు, గల్లీ నిండా వేపాకు తోరణాలు, మైకులు. వాటికి తోడు మా ఆఫీసువాళ్ళే పండగలోపు మురుగు లైను బాగుచేస్తామని మా వీధి మొదట్లో కందకం తవ్వి వదిలేశారు. పెట్టెలు తీసుకుపోవడానికి పెద్ద సారు కారు, దాని వెనక ఇంకో కారు వచ్చి ఆ కందకం ముందు ఆగిపోయాయి.

"కొంచెం వెనక్కి తీసుకోండి సార్, పక్క గల్లీ నుంచి రావచ్చు," అన్నాను.

"వెనక్కా?" అన్నాడు ఆయన, కొరివితో వాత పెట్టినట్టు. "బయలెల్లినంక వెనక్కి మళ్ళుడా? నీకేమన్న మతి ఉన్నదా పంతులూ?"

కాబట్టి కార్లు కదల్లేదు. నేను, డ్రైవర్లు, కొబ్బరికాయలు అమ్మే ఒక తమ్ముడు కలిసి మూడు పెట్టెలను, నీళ్ళ సీసాల డబ్బాలను మా ఆఫీసు తవ్విన మురుగు కందకం మీద పలక వేసి దాటించాము. గల్లీ జనమంతా నిలబడి చూశారు. ఒక ముసలమ్మ, "ఏం సారు, ఆ మోరీ ఎప్పుడు పూడుస్తరు?" అని కారు అద్దం మీద కొట్టి అడిగింది. అద్దం దిగలేదు. నన్ను కూడా కాగితాలు చూసుకోవడానికి శంషాబాద్ దాకా రమ్మన్నారు. దారి పొడుగునా పెద్ద సారు కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకున్నాడు.

విమానాశ్రయంలో లాబ్ మేడం మాకంటే ముందే వచ్చి ఉంది. కొత్త చీర, ఒకటే చిన్న పెట్టె. భర్త కూడా నాలాగే లోపలికి పాసు తీసుకుని, పక్కన నిలబడి ఆమె చేతిసంచి మోస్తున్నాడు. ఆమె పాస్‌పోర్టు, పసుపుపచ్చ టీకా కార్డు చేతిలోనే పట్టుకుని ఉంది.

కౌంటరులో ఉన్న అబ్బాయి ముందు పెద్దల కాగితాలు తీసుకున్నాడు. డాక్టరు చీటీ చదివాడు. తిప్పి వెనక చూశాడు. మళ్ళీ చదివాడు.

"సార్, ఇది కాదు. టీకా కార్డు కావాలి."

"అదే ఇది. డాక్టరు రాసిండు గదా."

"సర్కారు కేంద్రంలో వేసి ఇచ్చే కార్డు ఉంటుంది సార్, ఆ మేడం చేతిలో ఉంది చూడండి, అది. మీరు అడిస్‌లో రాత్రంతా ఆగుతున్నారు. అది లేకుండా విండ్‌హోక్‌లో రానివ్వరు. మేం ఎక్కించలేం."

తర్వాత పెద్దగొంతులు లేచాయి. నేనెవరో తెలుసా అన్నాడు పెద్ద సారు. తెలియదన్నాడు ఆ అబ్బాయి, చాలా మర్యాదగా. మెంబరు గారు ఎవరెవరికో ఫోన్లు చేశారు. ఫోన్లు ఎత్తినవాళ్ళంతా ఆయనకు జేజేలు పలికారు, కార్డు మాత్రం ఎవరూ ఇవ్వలేకపోయారు. లెక్కల సారు ఒక కుర్చీలో కూలబడి, వెంట తెచ్చిన సీసాల్లో ఒకదాని సీలు తీసి గడగడా తాగాడు.

ఆ అబ్బాయి లాబ్ మేడం కాగితాలు చూసి, "మీరు పోవచ్చు మేడం," అన్నాడు.

అప్పుడు పెద్ద సారు ఇటు తిరిగాడు. "ఆమె ఒక్కతే పోవుడేంది? టీమ్ ఆగినప్పుడు ఆమె గూడ ఆగాలె. అమ్మా, నువ్వు వాపస్ నడువు. తర్వాత ఎప్పుడన్న చూద్దాం."

తర్వాత అంటూ ఆమెకు ఏమీ లేదని ఆయనకు తెలుసు, ఆ రూలు ఫైలు మీద నేను ఎర్రసిరాతో రాశాను. ఆమె కార్డును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. భర్త చేతిసంచిని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుని నేల చూస్తున్నాడు. నాకు ఆ ముగ్గురి మీదా పుట్టినంత అసహ్యం ఆ ఆఫీసులో ఇంకెప్పుడూ పుట్టలేదు.

నేను ముందుకు పోయి గొంతు బాగా తగ్గించాను.

"సార్, ఒక్క ముచ్చట. మీకు సిద్ధాంతి గారు చెప్పలేదా?"

"ఏంది?"

"ప్రస్థానం పెట్టిన బృందంల ఒక్కలు గూడ పొలిమేర దాటకుంటె అది వాపస్ వచ్చినట్టు లెక్క. ఆ దోషం పెట్టినోళ్ళందరికి తాకుతది. బృందం పెద్దకు మరీ." మా నాయన గొంతు తెచ్చుకుని రెండు ముక్కల సంస్కృతం కూడా కలిపాను. అది ఏ ప్రయాణానికీ సంబంధించింది కాదు, గణపతి పూజలోది.

ఆయన మొహంలో రంగు మారింది. "ఒక్కలు దాటితె?"

"ఒక్కలు దాటితె అందరు దాటినట్టే."

"గని ఆమె పెట్టె పెట్టలేదు గదా మీ ఇంట్ల?"

"ఆర్డర్ ఒక్కటే గదా సార్. ఆర్డర్ ఒక్కటైతే బృందం ఒక్కటే."

ఇంజనీరు ఆలోచించాడు. ఎంతసేపో కాదు. వెంటనే ఆమె వైపు తిరిగి, "అమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నవా? పో, పో, జల్దిపో! లేట్ అయితది!" అని కసిరాడు. ఆమె నా వైపు చూసింది. నేను కళ్ళతోనే పొమ్మన్నాను. భర్త చేతిలో సంచి లాక్కుని ఆమె గబగబా నడిచింది. భద్రత గేటు దాటేదాకా పెద్ద సారు ఆమెను కళ్ళార్పకుండా చూసి, దాటగానే చేతులెత్తి దండం పెట్టాడు. ఏసయ్యను నమ్ముకున్న మనిషి తన వారశూలను మోసుకుని పోయినందుకు ఆయన ఎంత తేలికపడ్డాడో చెప్పలేను. ఆ అబద్ధం నేను ఆడిన వాటిలోకెల్లా చక్కనిది, ఇప్పటికీ తలుచుకుని మురిసిపోతాను.

ఆమె విండ్‌హోక్‌లో జీబ్రాలు చూడలేదు. ఉన్నన్ని రోజులూ ప్లాంటులోనే ఉంది. తిరిగి వచ్చాక నా బల్ల దగ్గర కూర్చుని చెప్పింది.

"గ్లాసుల పోసి ఇచ్చిన్రు అన్నా. నేను తాగుతనా లేదా అని నిలబడి చూస్తున్నరు. తాగిన. ఏ వాసన లేదు, ఏ రుచి లేదు. ఉత్త నీళ్ళు. ఏడుపొచ్చింది."

"వాళ్ళ యంత్రాలు మస్తు పెద్దయా చెల్లె?"

"యంత్రాలు మన కాడ గూడ ఉన్నయి. గని ఆడ నీళ్ళు బాగలేవని తేలితే ఒక్క చుక్క ఊరికి పోదు. మల్ల మొదటికి తిప్పుతరు. ఎంత పెద్ద సారు ఫోన్ చేసినా వదలరు. అదే తేడా."

ఇదే రిపోర్టులో రాసింది. పెద్ద సారు దాని మీద 'చూడనైనది' అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత చాలా సభల్లో 'మా విండ్‌హోక్ పర్యటనలో' అని మొదలుపెట్టి ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వే హోదా ఉన్నవాళ్ళు సభల్లో ఉండరు.

బోనాలు అయిపోయాక ముసురు పట్టింది. ఒకరోజు మా ఛత్రినాక లైను శాంపిలు పరీక్షకు వచ్చింది. ఆమె చూసింది, మళ్ళీ చూసింది, పైకి ఫోను చేసింది. పైన పూజో మీటింగో. చీటీ పంపలేదు ఈసారి. ఆటో ఎక్కి నేరుగా నీళ్ళు వదిలే వాల్వు దగ్గరికి పోయింది. లైన్‌మన్ తెరవబోతున్నాడు.

"పై నుంచి ఆర్డర్ గావాలె మేడం, నేనట్ల బంద్ పెట్టలేను," అన్నాడట.

"నేను రాసిస్త. నా సంతకం పెడుత. నువ్వు మాత్రం తెరవకు," అని అక్కడే ఒక ఇటుక మీద కూర్చుంది.

సాయంత్రానికి నల్లాలు రాలేదు. బస్తీ మొత్తం బిందెలతో అక్కడికి చేరింది. నేనూ పోయాను, చేతిలో బిందెతోనే, ఆఫీసరుగా కాదు. అంత లొల్లి నేను ఏ పండగకూ వినలేదు. అందరికంటే పెద్ద గొంతు మా ఆవిడదే. "జీతాలు తీసుకుంట నీళ్ళు బంద్ పెడుతర?" అని చెయ్యి తిప్పి మరీ తిట్టింది. లాబ్ మేడం లేచి నిలబడింది.

"తిట్టుండ్రమ్మా. ఎంతనన్న తిట్టుండ్రి. గని ఈ నీళ్ళు మాత్రం తాగకుండ్రి," అంది.

మరునాడు ఆమెకు మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా వాల్వు మూయించినందుకట. దాన్ని టైపు చేసింది నా విభాగమే, దాని ఊసు ఇక్కడ వద్దు. ఆ సాయంత్రం ట్యాంకర్లు వచ్చి జనం అటు పరుగెత్తాక నేను ఆమె పక్కన నిలబడ్డాను. చీర కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"భయం కాలేదా చెల్లె?"

"అయింది అన్నా. గని మా పక్కింటి పాప పోయిననాడు వాళ్ళమ్మ నా మీద పడి తిట్టింది. లాబ్‌ల ఉండి గూడ నీళ్ళెందుకు ఆపలేదక్కా అని. రాసిన అని చెప్పిన. రాస్తె ఆగుతయా అన్నది." కాసేపు వాల్వు వైపు చూసింది. "ఆ తిట్లకంటె ఈ తిట్లు మస్తు నయం."

నేను ఖాళీ బిందెతో ఇంటికి వచ్చాను.